సహం తీరంలో వేసవి చర్మ సంరక్షణ: ఇంటి మూలికలు

ఒమన్ దేశపు ఉత్తర అల్ బాతినా గవర్నరేట్‌లోని ఆరు విలాయత్‌లలో సహం ఒకటి. ఒక పక్క సోహార్, మరో పక్క ఖాబూరా, ముందు ఒమన్ సముద్రం, వెనక హజర్ కొండలు. ఖర్జూర తోటలు, నిమ్మ, మామిడి, చేపలవేట ఈ నేలకు పాత జీవనాధారాలు. సోహార్ ఓడరేవు, దాని చుట్టూ వెలసిన ఉక్కు, అల్యూమినియం, పెట్రోకెమికల్ కర్మాగారాలు కొత్తవి. బతుకుతెరువు కోసం గల్ఫ్ దారి పట్టిన కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల తెలుగువారికి బాతినా తీరం కొత్తది కాదు. భారతీయ కుటుంబాల పిల్లల కోసం ఇక్కడ ఇండియన్ స్కూల్ సహం నడుస్తోంది. మే నెల నుంచి సెప్టెంబరు దాకా ఈ తీరంలో మనిషి చర్మం పడే బాధలు, వాటికి ఒమానీ ఇళ్లలోనూ తెలుగు ఇళ్లలోనూ వాడే ఆకులు, పొడులు, నూనెలు, వాటిలో ఏది మేలు, ఏది కీడు అన్నవి ఈ వ్యాసంలోని విషయం.

ఒకే తీరం, రెండు వేడులు

బాతినా వేసవిని ఒకే ముక్కగా చూస్తే చర్మం సంగతి అర్థం కాదు. ఇక్కడ రెండు రకాల వేడి ఉంది. సముద్రం మీదనుంచి గాలి వీచే రోజుల్లో తేమతో నిండిన ఉక్కపోత. ఆ రోజుల్లో రాత్రి కూడా చల్లబడదు. మస్కట్‌కు ఆగ్నేయంగా ఇదే సముద్రపు ఒడ్డున ఉన్న ఖురయ్యాత్‌లో 2018 జూన్ 26న కనిష్ఠ ఉష్ణోగ్రతే 42.6 డిగ్రీలుగా నమోదైంది. అంటే రోజు మొత్తంలో ఒక్క గడియ కూడా వేడి అంతకన్నా దిగలేదు. గాలి పడమటికి తిరిగి ఎడారి మీదనుంచి వీచినప్పుడు పరిస్థితి తలకిందులవుతుంది. దాన్ని ఇక్కడివారు గర్బీ అంటారు. మన వడగాడ్పు లాంటిదే. పెదవులు పగులుతాయి, చేతుల మీద తెల్లగా పొట్టు లేస్తుంది, కళ్లు మండుతాయి.

ఈ తేడా ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే చెమట సంగతి కొంచెం తెలియాలి. మనిషి ఒంటి మీద 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులు ఉంటాయి. ఒక లీటరు చెమట ఆవిరైపోతే దాదాపు 580 కిలో కేలరీల వేడి ఒంటినుంచి పోతుంది. అయితే చెమట కారితే చాలదు, ఆవిరి కావాలి. గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు అది ఆరదు, ఒంటి మీదే నిలుస్తుంది. తడిసి నానిన పైపొర ఉబ్బి గ్రంథుల నోళ్లు మూసుకుపోతాయి. లోపల చిక్కిన చెమట పక్కకు చిమ్మి ఎర్రని పొక్కులు లేస్తాయి. ఇవే చెమటకాయలు. మెడ, వీపు, మోచేతి మడత, నడుము దగ్గర పంచె లేదా పెటీకోటు బిగించే చోట ఒళ్లు పేలిందంటే కారణం ఇదే. తొడల మధ్య, చంకల్లో ఒరుసుకుపోవడం, ఆ తడిలో తామర పాకడం కూడా ఈ ఉక్క కాలపు బాధలే.

కాబట్టి ఉక్క రోజుల్లో చర్మానికి కావలసింది చల్లదనం, పొడితనం. గర్బీ రోజుల్లో, ఏసీ గదుల్లో కావలసింది తేమ, కొద్దిగా జిడ్డు. ఒకదానికి వాడాల్సింది రెండోదానికి వాడితే ఆకు ఎంత మంచిదైనా హాని చేస్తుంది. చెమటకాయల మీద కొబ్బరినూనె రాసే అలవాటు ఇందుకు మొదటి ఉదాహరణ. మూసుకున్న నోళ్లను నూనె ఇంకా మూసేస్తుంది.

ఒమానీ ఇళ్ల మూలికలు

బాతినా పల్లెల్లో నీడకోసం పెంచే చెట్లలో మొదట చెప్పవలసింది సిద్ర్. మన గంగరేగుకు దగ్గరి బంధువు. ఆకును నీడన ఎండబెట్టి, దంచి, పొడిని గోరువెచ్చని నీళ్లలో కలిపితే నురగ వస్తుంది. దానిలోని సాపోనిన్ల వల్ల ఇలా జరుగుతుంది. మన కుంకుడుకాయలో, శీకాయలో ఉన్నవీ అలాంటివే. తలకూ ఒంటికీ ఇదే సబ్బు. ముస్లిం సంప్రదాయంలో అంత్యస్నానానికీ సిద్ర్ నీళ్లు వాడతారు. కుంకుడు రసం కంటే మృదువుగా ఉండి, కళ్లలో పడినప్పుడు మంట తక్కువ. ఉప్పునీటితో స్నానం చేయాల్సి వచ్చే తోటల్లో మామూలు సబ్బు నురగే రాదు. అక్కడ సిద్ర్ పొడి ఇంకా అక్కరకొస్తుంది.

హజర్ కొండల్లో పెరిగే షూ చెట్టు అడవి మునగ. మన పెరటి మునగకు సోదరజాతి, ఆకు సన్నం. దాని గింజలనుంచి తీసే నూనె ఒమన్ ఆడవాళ్ల పాత సౌందర్య సాధనం. ఈ నూనె త్వరగా కంపు పట్టదు, పలుచగా పాకుతుంది, చర్మం మీద బరువుగా అనిపించదు. అన్ని గింజనూనెల్లోకీ వేడి ప్రాంతానికి తగినది ఇదేనని చెప్పవచ్చు. అయితే వాడాల్సింది గర్బీ వీచే రోజుల్లో, రాత్రి పూట, స్నానం చేసిన వెంటనే తడి ఆరకముందు, నాలుగైదు చుక్కలు మాత్రమే.

జబల్ అఖ్దర్ మీద, సముద్రమట్టానికి సుమారు 2000 మీటర్ల ఎత్తున, మెట్ల పొలాల్లో గులాబీ పండుతుంది. మార్చి ఆఖరు నుంచి మే నెల నడుమ దాకా పూలు కోసి, మట్టి పొయ్యిల మీద బట్టీ పెట్టి పన్నీరు తీస్తారు. కట్టెల మంట మీద తీసినది కనుక అక్కడి పాతకాలపు పన్నీటికి పొగవాసన ఉంటుంది, రంగు కూడా కొద్దిగా గోధుమ రంగుకు తిరుగుతుంది. మొదటిసారి వాసన చూసినవారు పాడైందనుకుంటారు. పాడైంది కాదు, అసలైన సరుకు లక్షణమే అది. అంగడిలో నీళ్లలా తెల్లగా, ఘాటుగా గుబాళించే సీసాల్లో చాలావరకు నీళ్లు, అత్తరు సారమే ఉంటాయి. కమిలిన చర్మం మీద ఆ అత్తరు సారం మంటపుట్టిస్తుంది. అదే కొండల మీద యాస్ అనే పొద పెరుగుతుంది. సువాసన గల దాని ఆకుల్ని ఎండబెట్టి పొడిచేసి పసిపిల్లల ఒంటికి అద్దుతారు.

దక్షిణాన ధోఫార్‌లో పుట్టే లుబాన్ సంగతి వేరు. 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది ఆ నేలనే. మన అడవుల్లోని అందుగు చెట్టు జాతికి చెందిన చెట్టు కారే జిగురు ఇది. మేలైన తెల్లని, ఆకుపచ్చ ఛాయ గల ముక్కల్ని రాత్రి నీళ్లలో నానబెట్టి, పాలలా మారిన ఆ నీటిని ఉదయం ముఖానికి రాసుకోవడం ఒమన్ అంతటా ఉంది. చల్లగా ఉంటుంది, చర్మం బిగిసినట్లు తోస్తుంది. అంతకుమించి ముడతలు మాయమవుతాయని చెప్పడానికి ఆధారం లేదు. ధర చూస్తే ధూపానికి వాడటమే దానికి గౌరవం.

బాలింతల ఒంటికీ పసికందుల ఒంటికీ రాసే వర్స్ అనే నారింజ రంగు పొడి కూడా ఇక్కడి సంప్రదాయమే. మన ఇళ్లలో పసుపుకు ఉన్న స్థానం ఇక్కడ దానిదే. వీధుల్లో, బడి ఆవరణల్లో నీడనిచ్చే వేపను ఒమానీలు షెరీష్ అంటారు. సహంలో ఉన్న తెలుగువారికి వేపాకు కోసం ఊరికి ఫోన్ చేయాల్సిన పనిలేదు.

తెలుగు పెట్టెలో వచ్చే సరుకు

ఊరినుంచి వచ్చేవాళ్ల పెట్టెలో ఆవకాయ, కందిపొడి పక్కన సున్నిపిండి పొట్లం ఉంటుంది. పెసలు లేదా శనగలు, కొద్దిగా బియ్యం, ఎండు గులాబీ రేకులు, వట్టివేళ్లు, కచ్చూరాలు, తుంగముస్తలు, కస్తూరి పసుపు, బావంచాలు, మెంతులు కలిపి పట్టించే ఈ పిండి కోస్తా నుంచి తెలంగాణ దాకా ప్రతి ఇంటా ఒక్కో పాళ్లలో ఉంటుంది. పెళ్లిలో, పండగలో నలుగు పెట్టడానికి వాడేది ఇదే. పెసరపిండి చమురును పీల్చుకుంటుంది, సబ్బులా చర్మాన్ని గీరదు. మామూలు సబ్బు క్షారగుణం కలది, చర్మం పైపొర కొద్దిగా ఆమ్లగుణం కలది. రోజుకు రెండుమూడుసార్లు స్నానం చేసే వేసవిలో ప్రతిసారీ సబ్బు రాస్తే ఆ పొర చెడుతుంది. ఒకసారి సబ్బు, తక్కిన సార్లు సున్నిపిండి లేదా ఉత్త నీళ్లు అన్నది పాటించదగిన పద్ధతి.

తాటిముంజల కాలంలో ముంజ తొక్కను, అందులోని నీటిని చెమటకాయల మీద రుద్దడం తెలుగు పల్లెల్లో పిల్లలందరికీ తెలిసిన వైద్యం. సహంలో ఖర్జూరం ఉంది, తాడి లేదు. దానికి సాటి వచ్చేవి చల్లబరిచిన కీరదోస రసం, పుచ్చకాయ తొక్క లోపలి తెల్ల గుజ్జు. రెండూ బాతినా అంగళ్లలో దొరుకుతాయి. ఇక్కడ గుణం మొక్కది అనడం కంటే చల్లని నీటిది అనడమే న్యాయం. అయినా పనిచేస్తుంది.

వట్టివేళ్లకు మాత్రం తగినంత పేరు రాలేదనే చెప్పాలి. మన ఊళ్లలో కిటికీలకు కట్టి తడిపే తట్టీలుగా అందరికీ తెలుసు. గుప్పెడు వేళ్లు కడిగి, కుండ నీళ్లలో రాత్రంతా ఉంచి, ఆ నీళ్లతో ఆఖరి చెంబు పోసుకుంటే ఒంటికి సువాసన, హాయి. చెమట కంపు కోసం అత్తరు పూసుకుని చంకల్లో మంట తెచ్చుకునేవారికి ఇది మేలైన దారి.

సరుకు మోసుకొచ్చేటప్పుడు రెండు జాగ్రత్తలు. నలుగుపిండిలో గసగసాలు కలిపే ఇళ్లున్నాయి. యు.ఏ.ఈ., సౌదీ చట్టాల్లో గసగసాలు మాదక పదార్థాల కింద నిషిద్ధం. దుబాయ్ మీదుగా సహం చేరేవారు గసగసాలు గానీ, అవి కలిసిన పిండి గానీ వెంట తేకూడదు. శేషాచలం ఎర్రచందనం ముఖానికి మంచిదని చెక్క ముక్క పెట్టెలో వేసుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. అంతర్జాతీయ రక్షణ జాబితాలో ఉన్న ఆ చెట్టు చెక్కను భారత ప్రభుత్వ అనుమతి లేకుండా దేశం దాటించడం నేరం.

ఎండతో కలిస్తే కాటు వేసేవి

ఈ విషయం మీద ఇంట్లో పెద్దలు చెప్పేదానికీ చర్మవైద్యులు చెప్పేదానికీ నిజంగా తేడా వచ్చేది ఇక్కడే. అందుకే వివరంగా చెప్పాలి.

బావంచాల్లో సోరాలిన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలితే చర్మకణాలు కాలిన చందంగా దెబ్బతింటాయి, తర్వాత ముదురు రంగు మచ్చ మిగులుతుంది. బొల్లి మచ్చలకు బావంచాలు వాడటంలో కిటుకు ఇదే. పోయిన రంగును ఎండ సాయంతో తిరిగి రప్పించడం. కైరోలో ఎల్ మోఫ్తీ అనే వైద్యుడు 1940లలో నైలు ఒడ్డున పెరిగే ఒక కలుపు మొక్కలోని ఇదే రకం పదార్థంతో బొల్లికి చికిత్స చేసి ఆధునిక వైద్యానికి దారి చూపించాడు. వైద్యుడు కొలిచి ఇచ్చినప్పుడు మందు అయ్యేది, నలుగుపిండిలో కలిసి బయటి ఎండకు వెళితే విషమవుతుంది. మన ఊళ్లో నలుగు పెట్టుకున్నాక ఆ రోజంతా ఇంట్లోనే ఉండే పెళ్లికూతురికి ఇబ్బంది రాకపోవచ్చు. సహంలో ఉదయం నలుగు పెట్టుకుని బస్సు కోసం అరగంట ఎండలో నిలబడే మనిషి సంగతి వేరు. వేసవిలో గల్ఫ్‌కు పంపే సున్నిపిండిలో బావంచాలు వేయకూడదు. ఈ ఒక్క మార్పు చేసినా చాలా మచ్చలు తప్పుతాయి.

నిమ్మరసం రెండో ముద్దాయి. బాతినా నిమ్మకు పేరున్న ప్రాంతం. 1970లలో బయటపడ్డ మంత్రగత్తె చీపురు తెగులు ఇక్కడి తోటల్ని తుడిచిపెట్టకముందు సుగంధమైన ఈ చిన్న నిమ్మకాయ ఎగుమతికి ఆధారం. ఇప్పటికీ లూమీ అనే ఎండబెట్టిన నిమ్మకాయ లేని ఒమానీ వంట ఉండదు. కాయ తొక్కలోనూ రసంలోనూ సోరాలిన్ కుటుంబపు పదార్థాలు ఉన్నాయి. రసం చర్మం భరించలేనంత ఆమ్లం. ముఖం తెల్లబడాలని నిమ్మచెక్కతో రుద్దుకుని బయటికెళ్తే మరునాటికి మంట, రెండు మూడు రోజులకు పొక్కులు, ఆ తర్వాత వారాలపాటు పోని నల్లచారలు. నిమ్మరసం పిండుతూ చేతుల మీద పడ్డ చుక్కలకు కూడా ఇది జరుగుతుంది. పండ్లరసం కొట్టులో పనిచేసేవారు చేతులు కడుక్కున్నాకే ఎండలోకి రావాలి. పసిపిల్లలకు దిష్టికీ జలుబుకీ వాడే సదాపాకు, అంజూర ఆకుల పాలు కూడా ఇదే తెగకు చెందినవి.

ఇక ఎండను ఆపడం. కొబ్బరినూనె, క్యారట్ గింజల నూనె, కలబంద గుజ్జు ఎండను అడ్డుకుంటాయన్న మాట నమ్మదగినది కాదు. జింక్ ఆక్సైడ్ పొడి కొని ఇంట్లో నూనెలో కలిపినా లాభం లేదు. అది చర్మం మీద సమంగా పరుచుకోదు, ఉండలు కట్టి మధ్యలో ఖాళీలు వదులుతుంది. ఎండకు అడ్డం వేసే క్రీము మాత్రం అంగడిలో కొనవలసిందే. కొనలేనివారికి వస్త్రమే మందు. ఒమానీ మగవారి తెల్లని పొడుగు దుస్తులు, తలపాగా, తోటపని చేసే ఆడవారి పైముసుగు ఈ తీరం తరతరాలుగా కనిపెట్టిన ఎండ కవచాలు. చట్టం కూడా ఇందుకు తోడుంది. 2008 నాటి 286వ మంత్రిత్వ నిర్ణయం ప్రకారం జూన్, జూలై, ఆగస్టు నెలల్లో మధ్యాహ్నం 12:30 నుంచి 3:30 దాకా ఆరుబయట పని చేయించకూడదు. చర్మానికి ఇంతకంటే మంచి లేపనం లేదు.

తయారీ

వేసవి సున్నిపిండికి అరకిలో పొట్టు పెసలు, 50 గ్రాముల బియ్యం, 50 గ్రాముల ఎండు గులాబీ రేకులు, 25 గ్రాముల వట్టివేళ్లు, 10 గ్రాముల కస్తూరి పసుపు చాలు. పెసలు, బియ్యం ఎండలో పెట్టవచ్చు. రేకుల్ని, వేళ్లను నీడనే ఆరనివ్వాలి, ఎండకు వాసన పోతుంది. సహంలో ఉక్క రోజుల్లో నీడన కూడా ఏదీ ఆరదు. ఏసీ నడిచే గదిలో పల్చటి గుడ్డ మీద పరిస్తే ఒక్క రాత్రికి గలగలలాడతాయి. దంచి, నూలుబట్టతో వస్త్రగాళితం పట్టాలి. ఇందులో బద్ధకించకూడదు. పలుకులు మిగిలిన పిండి పేలిన చర్మాన్ని గీరుతుంది. తడిలేని గాజు సీసాలో నింపి, వాడకానికి చిన్న డబ్బాలోకి తీసుకుని తక్కినది ఫ్రిజ్‌లో ఉంచాలి. వాడేటప్పుడు నీళ్లతోనో లబన్ అనే ఇక్కడి మజ్జిగతోనో జారుగా కలిపి, రుద్దకుండా రాసి, ఆరకముందే కడిగేయాలి. ముఖం మీద బిగిసిపోయేదాకా ఉంచడం చర్మంలోని తేమను లాగేస్తుంది.

కలబంద విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ఆకు కోయగానే గుజ్జు తీసి రాస్తారు. తొక్కకూ గుజ్జుకూ మధ్య కారే పసుపు పాలు కొందరికి దురద, దద్దుర్లు తెస్తాయి. కోసిన ఆకును మొదలు కిందికి ఉండేలా ఒక గిన్నెలో పావుగంట నిలబెడితే ఆ పాలు కారిపోతాయి. తర్వాత కడిగి, ముళ్ల అంచులు చెక్కేసి, తెల్లని గుజ్జు మాత్రమే తీయాలి. ఆ గుజ్జులో నూటికి 99 పాళ్లు నీరే. మిగిలిన ఒక్క పాలులోని జిగురు పదార్థాలు ఆ నీటిని చర్మం మీద కొంతసేపు నిలుపుతాయి. ఎండకు కమిలిన చేతులకు సాయంత్రం రాసుకోవడానికి ఇంతకన్నా తగినది ఇంట్లో లేదు. పుండ్లుపడి చీము పట్టినచోట రాయకూడదు.

వేపనీళ్లకు రెండు దోసిళ్ల ఆకు రెండు లీటర్ల నీళ్లలో పది నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చి, వడకట్టి స్నానం చివర పోసుకోవాలి. తామర సోకకుండా ఒంటిని శుభ్రంగా ఉంచడానికి పనికొస్తుంది. సోకిన తామరను మాన్పడం దాని వల్ల కాదు. వేపనూనెను మాత్రం పిల్లలకు లోపలికి ఎప్పుడూ పట్టకూడదు, పసిపిల్లల ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలు వైద్య చరిత్రలో ఉన్నాయి.

చెమటకాయలకు ఏ లేపనం కన్నా ముందు చేయాల్సిన పని చల్లని నీళ్లతో కడిగి, తుడవకుండా అద్ది, ఫ్యాను గాలికి ఆరబెట్టుకోవడం. తర్వాత సాన మీద అరగదీసిన గంధమో, పన్నీటిలో కలిపిన ముల్తానీ మట్టో పల్చగా పూయవచ్చు. పసిపిల్లల మీద టాల్కం పౌడరు దులపరాదు, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తడి కలిసిన ఏ తయారీ అయినా ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులకు మించి నిలవదు. బయట ఉంచితే ఈ వేడిలో ఒక్క పూటే. ఇంటి సరుకులో నిల్వ మందులు లేకపోవడం మంచిదే. కానీ అందుకు తగ్గట్టు ఏ రోజుది ఆ రోజు చేసుకోవాలి. కొత్తది ఏది వాడినా ముందు మోచేతి లోపలి పక్క రూపాయి కాసంత రాసి రెండు రోజులు చూడాలి.

నీళ్లు, టాంకీ

బాతినా తీరంలో బావుల నుంచి దశాబ్దాలుగా తోడిన నీటికి బదులు సముద్రపు నీరు భూగర్భంలోకి చొచ్చుకొచ్చింది. తీరానికి దగ్గరి తోటల నీళ్లు అందుకే ఉప్పగా ఉంటాయి. ఆ నీళ్లతో స్నానం చేసినవారు ఆఖరున ఒక చెంబు మంచినీళ్లు పోసుకోవాలి, లేకపోతే ఉప్పు ఒంటి మీద ఆరి దురద పెడుతుంది. మిద్దె మీది టాంకీలో నీళ్లు వేసవిలో చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. గల్ఫ్‌లో కాపురం ఉన్నవారికి దీనికి ఒక ఉపాయం తెలుసు. గీజరు స్విచ్ తీసేసి ఉంచితే అందులో నిలిచిన నీళ్లు గది చల్లదనానికి చల్లబడతాయి. చల్లని నీళ్లకు వేడి కుళాయి తిప్పాలి. స్నానం తెల్లవారుజామున, లేదా ఆ గీజరు నీళ్లతో చేయడం పేలిన ఒంటికి ఏ మూలికకూ తీసిపోని వైద్యం.

గోరింటాకు, పసిపిల్లలు

ఆషాఢంలో తెలుగు ఆడపిల్లలు, ఈద్‌కు ఒమానీ ఆడపిల్లలు ఒకే ఆకుతో చేతులు పండించుకుంటారు. అరికాళ్లకు పెట్టుకుంటే మంటలు తగ్గుతాయన్న నమ్మకం రెండుచోట్లా ఉంది. తాజా ఆకు నూరి పెట్టుకున్నంతవరకు భయం లేదు. అరగంటలో నల్లగా పండే రకం కోన్‌లు వేరు. వాటిలో జుట్టు రంగుల్లో వాడే పి.పి.డి. రసాయనం ఉంటుంది. పొక్కులు లేచి, జీవితాంతం ఆ రసాయనం పడని స్థితి రావచ్చు. అసలు గోరింటాకు గంటల తరబడి ఉంచితేనే పండుతుంది, ఎర్రగానే పండుతుంది. నలుపు కనిపిస్తే కొనకూడదు.

జి6పిడి అనే ఎంజైము లోపం ఎక్కువగా కనిపించే దేశాల్లో ఒమన్ ఒకటి. మన తెలుగు కుటుంబాల్లోనూ ఇది లేకపోలేదు. ఈ లోపమున్న పసికందుల ఒంటికి గోరింటాకు రాస్తే ఎర్ర రక్తకణాలు చిట్లి, తీవ్రమైన కామెర్లు వచ్చి, ప్రాణాపాయం కలగవచ్చు. ఆచారం పేరుతో పుట్టిన బిడ్డకు గోరింటాకు పెట్టడం మానాలి. పసుపు విషయంలోనూ ఒక మాట. నిగనిగలాడే పసుపు పొడుల్లో రంగు కోసం సీసపు క్రోమేటు కలిపిన ఉదంతాలు దక్షిణాసియాలో బయటపడ్డాయి. పసుపు కొమ్ములు కొని ఇంట్లో కొట్టుకోవడం శ్రేయస్కరం.

మూలికలకు హద్దు

మూలికల పేరుతో అమ్మే తెల్లబరిచే క్రీములు ఈ వ్యాసంలో చెప్పిన సరుకు కోవకు రావు. గల్ఫ్ బజార్లలోనూ మన ఊళ్లలోనూ దొరికే పేరులేని డబ్బాల్లో పాదరసం, స్టెరాయిడ్ కలిపినవి ఉంటున్నాయి. వారంలో ముఖం తెల్లబడిందంటే ఆకుల మహిమ అని మురిసిపోకూడదు. స్టెరాయిడ్ వల్ల చర్మం పల్చబడి, మానేసినప్పుడు మొటిమలు, ఎర్రదనం, మంగు మచ్చలు తిరగబెడతాయి. తామరకు అదే రకం క్రీము రాసినవారికి ఆ తామర ఒళ్లంతా పాకి, మామూలు మందులకు లొంగకుండా పోతుంది.

చెమటకాయలు నాలుగైదు రోజుల్లో తగ్గకపోయినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. చర్మం వేడెక్కి, మాట తడబడి, స్పృహ తప్పుతున్న మనిషికి లేపనాలతో కాలయాపన చేయకూడదు. అది వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరాలి, ఆలస్యం చేయకుండా 9999కు ఫోన్ చేయాలి. ఒమన్‌లో అత్యవసర సహాయానికి ఈ నంబరే. కార్మిక గదుల్లో ఉన్నవారు దీన్ని అందరికీ కనబడేలా తెలుగులో రాసి తలుపు మీద అంటించుకోవాలి.